దరఖాస్తు కాదు, కథ

దళిత కవిత్వం వచ్చినంత జోరుగ దళిత కథ, నవల ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న ముప్పై ఏండ్ల సంది సభలల్ల వినపడుతనే ఉన్నది. అడిగేటోళ్లు రెండు తీర్లు. మనోళ్లు కడుపు మండి అడుగుతరు. ఇంకో తీరోళ్లు జవాబు జేబుల పెట్టుకొనే అడుగుతరు. వాళ్ల జవాబు ఇది: కవిత్వానికి కోపం చాలు, కథకు ఓపిక కావాలె, నిర్మాణం కావాలె, బతుకును ఎడంగ నిలబడి చూసే చూపు కావాలె, అవి మీకింక అబ్బలేదు.

ఈ జవాబు తప్పు. ఎందుకు తప్పో చెప్పాల్నంటే సాహిత్య చరిత్ర ఒక్కటే మాట్లాడితే సాలదు. కథ రాసే మనిషి ఏడ కూసుంటడు, ఎన్నింటికి లేస్తడు, ఎవలకు భయపడతడు, రాసింది ఎవల చేతికిస్తడు అన్నది కూడ మాట్లాడాలె. విమర్శకులు ఇవి మాట్లాడరు. శిల్పం మాట్లాడతరు, వస్తువు మాట్లాడతరు, దృక్పథం మాట్లాడతరు. ఈ మూడూ పుట్టేది మనిషి కూసున్న జాగల నుంచే అన్న సంగతి వాళ్లకు పట్టదు. ఎందుకంటే వాళ్లకు కూసునే జాగ తాతల నాటి సంది ఉన్నది.

1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ నెత్తుటి మీదికెల్లి లేచిన కవిత్వమే 1995ల ‘చిక్కనవుతున్న పాట’, 1996ల ‘పదునెక్కిన పాట’ సంకలనాలయింది. కవిత నిలబడి రాయొచ్చు. బస్సుల రాయొచ్చు. టికెట్టు ఎనుక రాయొచ్చు. ఊరేగింపుల నడుచుకుంట మనసుల కట్టుకొని రాత్రికి కాయితం మీద పెట్టొచ్చు. కవిత తక్కువదని నేనంటలేను. ఇల్లు లేనోని చేతికి అందేటి ఆయుధం అది అంటున్న. కథకు కూసోవాలె. నవలకు ఏడాది కూసోవాలె. కూసునుడు మన దేశంల కులం సంగతి. దొర ముందల కూసోవద్దు, రచ్చకట్ట మీద కూసోవద్దు, హోటల్ల బెంచి మీద కూసోవద్దు అన్న కాలం దాటి వచ్చినోళ్ల పిల్లలం మేం. ఇప్పుడు కాయితం ముందల ఎందుకు కూసోలేదు అని మమ్ములనే అడుగుతున్నరు.

ఇంకో సంగతి. దళితులకు మొదలు కవిత్వమే వస్తది, కథ తర్వాత వస్తది అన్నది సూత్రమేం కాదు. పక్కనున్న మరాఠీల చూడున్రి. అణ్ణాభావు సాఠే మాంగు కులంల పుట్టిండు, బడికి పోయింది లెక్కల రాదు, అయినా ‘ఫకీరా’ నవల 1959ల రాసిండు, డజన్ల కొద్ది నవలలు రాసిండు. బాబూరావు బాగూల్ కథలు ‘నేను కులం దాచినప్పుడు’ అనే అర్థం వచ్చే పేరుతో 1963ల పుస్తకంగ వచ్చినై. దళిత పాంథర్లు పుట్టింది 1972ల. అంటే అక్కడ ఉద్యమానికి ముందే కథ నిలబడ్డది. మన దగ్గర గూడ వెనుకకు పోతే 1930ల మొదట్ల హైదరాబాదుల భాగ్యరెడ్డి వర్మ నడిపిన ‘భాగ్యనగర్’ పత్రికల ఆయన రాసిన ‘వెట్టి మాదిగ’ కనపడుతది. ఆ మొలకకు నీళ్లు పోసినోళ్లు లేరు. పాఠ్యపుస్తకం దాన్ని పట్టించుకోలేదు. కథా చరిత్ర రాసినోళ్లు శానా కాలం దాని పేరెత్తలేదు. మొలకను తొక్కి, పంట రాలేదేందని అడిగితే ఏమనాలె?

ఇగ నా సంగతి. ఇది నా ఒక్కని గొప్ప కోసం కాదు, నా అసుంటోళ్లు జిల్లాకు పది మంది ఉన్నరు గనుక చెప్తున్న.

మా ఊరు సిద్దిపేటకు, దుబ్బాకకు నడుమ. మా తాత మోట బొక్కెనలు కుట్టిండు. ఆయన కాలంల మా వాడ ఎనుక లంద ఉండేదట. తంగెడు చెక్క వాసన, సున్నం వాసన ఊర్లెకు పోకుండ గాలి కూడ మా దిక్కే ఉండాలని ఊరోళ్లు వాడను పడమట పెట్టిన్రని మా బాపమ్మ చెప్పేది. కరెంటు మోటర్లు వచ్చినంక మోట పాయె, మోటతోని తాత పని పాయె, ఆరె, రంపె దూలంల చెక్కి పెట్టిండు. మా నాయిన పటేలు దగ్గర జీతమున్నడు, పండుగకు, పీనుగకు డప్పు కొట్టిండు. మా అవ్వ బీడీలు చేసింది. ఇంట్ల నేనే మొదటి డిగ్రీ. ఎస్సీ హాస్టల్ల ఉండి చదివిన. 2017ల పడ్డ టీచర్ల నోటిఫికేషన్ల పరీక్ష రాస్తే 2019ల ఎస్జీటీ నౌకరి వచ్చింది.

నాకు కథ నేర్పింది డిగ్రీ కాదు, మా అవ్వ. చాటల ఆకు, తంబాకు పెట్టుకొని గోడకు ఒరిగి కూసుంటే చుట్టూత నలుగురు ఆడోళ్లు చేరేటోళ్లు. చేతులు చుడుతుండేటివి, నోరు చెప్తుండేది. ‘ఇది రెండు కట్టల కథనే’ అనేది మా అవ్వ. పెద్ద కథయితే ‘ఇది ఇయ్యాల ఒడువది, రేపటి ఆకుకు ఉంచుదాం’ అనేది. మా అవ్వ కథకు కొలత బీడీ కట్టలు. నేను పెద్దగయి పత్రికకు కథ పంపితే తెలిసింది, పత్రిక కథకు కొలత అడ్వటైజుమెంట్లు పోంగ మిగిలిన జాగ. ఆదివారం అనుబంధంల రెండు పేజీలు. దాంట్ల సగం బొమ్మ. ఆ రెండు పేజీలల్ల మా వాడను, ఊరును, వాడకు ఊరికి నడుమ ఉన్న తొవ్వను పట్టించాలె. వాడ తెలువనోనికి వాడ తెలిపే వరకే సగం జాగ ఒడుస్తది. కరణం గారి వీధి, అగ్రహారం, అరుగు అంటే వివరించాల్సిన పని లేదు, తెలుగు కథ వంద ఏండ్ల సంది వాటిని చెప్పి చెప్పి తొవ్వ చేసి పెట్టింది. లంద అంటే ఏందో, డక్కలోళ్లు ఎవలో, పీనుగ మీది బట్ట ఎవలకు పోతదో మేమే చెప్పాలె. మా కథలు పొడుగైతయి, వివరం ఎక్కువైతది అంటున్న విమర్శకులు ఈ లెక్క ఒక్కసారన్న చేసిన్రా?

ఇంకో బడి నాకు దరఖాస్తులు. వాడల చదువుకున్న మొదటోడు వాడకంతా రాతగాడు. కుల సర్టిఫికెట్టు, పింఛన్, పట్టాల పేరు తప్పు, ధరణిల భూమి ఎక్కలే, 2021ల దళితబంధు వచ్చినప్పుడు దాని కాయితాలు, అన్నీ మా ఇంటి అరుగు మీదనే. ‘బిడ్డా, జర నా గోస రాయి’ అని వచ్చేటోళ్లు. వాళ్లు చెప్పేది గంట. నేను రాసేది పది లైన్లు. ‘అయ్యా’ అని మొదలైతది, ‘తమ విధేయుడు’ అని ఒడుస్తది. నడుమ ఏం ఉండాలె? మేం బీదవాళ్లం, మాకు దిక్కు లేదు, తమరు దయ చూపాలె. ఆ గంటల చెప్పిన నవ్వు, తిట్టు, పొగరు, పాత పగ, బర్రె పేరు, ఎవలు ఎవలతోని పోయిన్రు అన్న ముచ్చట, ఇవి ఏవీ దరఖాస్తుల పట్టవు. మా బతుకులు అక్షరంలకు మొదలు దరఖాస్తు తొవ్వనే వచ్చినై. అందుకే మా మీద వచ్చిన కథల్ల శానా మటుకు దరఖాస్తు తీరే ఉంటయి. పైనున్నోనికి మొక్కి, మేం ఎంత బాధ పడుతున్నమో చూడున్రి అని చెప్పే కథ. నేను దీన్ని దరఖాస్తు కథ అంటున్న. తెలుగుల దళితుల మీద వచ్చిన కథను చూడడానికి నాకు ఇదే గీటురాయి: ఇది దరఖాస్తా, కథనా?

ఈ గీటురాయి మీద ‘మాలపల్లి’ని పెట్టి చూద్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్ల కూసొని రాసి 1922ల తెచ్చిన నవల. సర్కారు నిషేధించిన నవల. ఆ కాలంల ఒక బ్రాహ్మణుడు మాలపల్లెను నవల నడుమ పెట్టుడు చిన్న పని కాదు, ఆ రుణం దాచుకునేది లేదు. కని రామదాసును చూడున్రి. ఎంత ఓపిక, ఎంత వేదాంతం, ఎంత క్షమ! కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిల చచ్చిపోయినా ఆ మనిషి తొణకడు. చదివే ఊరోనికి రామదాసు మీద గౌరవం ఎందుకొస్తది? తనకన్న పెద్ద భక్తుడు, పెద్ద జ్ఞాని గనుక. అంటే మాలోడు మనిషిగ గౌరవం పొందాల్నంటే ముందుగల్ల రుషి కావాలె. మామూలు మాలోడు, కల్లు తాగేటోడు, తిట్టేటోడు, అప్పు ఎగ్గొట్టేటోడు గౌరవానికి పనికిరాడు. ఇది మంచి మనసుతోని రాసిన దరఖాస్తు. దరఖాస్తుదారు నడవడి మంచిదని సర్టిఫికెట్టు జతపరిచిన దరఖాస్తు.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ అట్ల కాదు. 1960ల నడుమ వచ్చిన ఆ కథల అప్పల్రాముడు దయ అడగడు, న్యాయం అడుగుతడు. శ్రీరాములు నాయుడు చెప్పే ధర్మం ఎంత మెత్తగ మెడ కోస్తదో ఆ కథ చూపించినంత తేటగ తెలుగుల ఇంకోటి చూపించలేదు. సీతారాముడు అప్పుల బానిసగ బతకొద్దని కన్నబిడ్డనే చంపి మండపంల పడేసినప్పుడు కథ మొక్కుడు ఆపి నిలదీస్తది. నేను బడిల చేరినంక కూడ ఆ కథను ఏడాదికోసారి చదువుకుంట. అయితే ఆ కథ నడిచేది ఎక్కువ ధర్మ మండపం చుట్టే. వాదన వింటం, ఊరి చరిత్ర వింటం, అప్పు లెక్క వింటం. ఆ పసికందును కన్న తల్లి ఆ రాత్రి ఏం చేసింది, తెల్లారి ఏ మొఖంతోని బాయికి పోయింది అన్నది ఇంకో కథ. దాన్ని మండపంల కూసున్నోడు రాయలేడు. గుడిసెల ఉన్నోళ్లే రాయాలె. ఇది కారా మాస్టారు తప్పని నేనంటలేను. ఒక కన్ను ఎంత దూరం చూడగలదో అంత చూసిండు. రెండో కన్ను మాది.

ఆ రెండో కన్ను మెల్లగ తెరుచుకున్నది. కొలకలూరి ఇనాక్ ‘ఊరబావి’ తోని నీళ్ల సంగతి ఊరి నడుమకు వచ్చింది. నల్లగొండ నుంచి బోయ జంగయ్య ‘జాతర’, ‘జగడం’ రాసిండు. అనంతపురం దిక్కు నుంచి చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ వచ్చింది. 1994 జూలై 7న ఈదుమూడిల దండోర మోగినంక కథకు కొత్త బలం వచ్చింది. నాగప్పగారి సుందర్రాజు 1997ల తన కథల పుస్తకానికి ‘మాదిగోడు’ అని పేరు పెట్టిండు. ఊరు తిట్టుగ వాడిన మాటను అట్ట మీద పెద్దక్షరాలల్ల అచ్చేసుకున్నడు. 2000ల ఆయన చిన్న వయసుల పోవుడు మన కథకు పెద్ద లోటు. ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’ మాదిగ కథల్ల ఆకలి ఎంత ఉన్నదో నవ్వు కూడ అంత ఉన్నది. దరఖాస్తుల నవ్వు ఉండదు, ఇది గుర్తు పెట్టుకోవాలె. నవ్వు కనపడ్డ కాడ దరఖాస్తు ఒడిసి కథ మొదలైందని నాకు లెక్క.

భాష దగ్గరికి వస్తే వేముల ఎల్లయ్య ‘కక్క’ ముచ్చట చెప్పాలె. 2000ల వచ్చిన నవల. అంతకు ముందు మన కథల పాత్రలు మాత్రమే మా భాష మాట్లాడేటియి, కథ చెప్పేటోడు మాత్రం ఇస్త్రీ బట్టల భాష మాట్లాడేటోడు. ‘‘ఏందయ్యో, గిట్ల జేస్తివి’’ అన్నాడతను విచారవదనంతో, ఈ తీరుగ. కొటేషను గుర్తుల లోపల వాడ, బయట ఊరు. ఆ గుర్తులు మాకు ఊరికి, వాడకు నడుమ ఉన్న కంచె తీరు కనపడేటియి. ఎల్లయ్య ఆ కంచె పీకేసిండు. కథ చెప్పే గొంతు కూడ మాదిగ వాడదే. అర్థం కాదు, గ్లాసరీ పెట్టాలె అన్న మాటలు ఆ నవల చుట్టూ వినపడ్డయి. నేను ఏడో తరగతిల ‘తాంబూలం’, ‘అరటి దొప్ప’, ‘గోదారి ఇసుక తిన్నెలు’ చదివినప్పుడు నాకు గ్లాసరీ ఎవలిచ్చిన్రు? రెండున్నర జిల్లాల భాష నేర్చుకొని పాసయినోళ్లం. మా భాషను నేర్చుకునే ఓపిక పాఠకునికి ఉండదని ముందే ఎవలు తీర్మానం చేసిన్రు?

నా కథ ఒకటి ఒక పత్రికకు పంపితే, ఎడిటరు ఫోన్ చేసిండు. మనిషి మర్యాదస్తుడే. ‘‘మాస్టారూ, సంభాషణల్లో మీ మాండలికం ఉంచండి, చాలా సహజంగా ఉంది. కథనం మాత్రం ప్రామాణిక భాషలోకి మార్చి పంపండి, వచ్చే నెల వేసేద్దాం’’ అన్నడు. ‘‘సార్, చెప్పేటోడు కూడ వాడోడే గద సార్’’ అన్న. కొంచెంసేపు ఆగి ‘‘నిజమేననుకోండి, కానీ పాఠకులు...’’ అన్నడు. ఆ కథ అండ్ల రాలేదు. ఇక్కడ సృజన సమస్య, అచ్చు సమస్య రెండు కాదు, ఒకటే. కథ చెప్పే గొంతు మార్చితే కథ మారుతది. పటేలు ఇంట్లకు జీతగాడు నడిచిన తీరు ‘వెళ్లాడు’ అంటే ఒక తీరు, ‘ఒంగి పోయిండు’ అంటే ఒక తీరు. మొదటి మాట అరుగు మీద కూసొని చూసింది. రెండో మాట ఆ నడుము నొప్పి ఎరిగింది.

నిర్మాణం లేదన్న మాటకు కూడ జవాబు ఉన్నది. మా మాదిగోళ్లకు కథ చెప్పే హక్కుదారులు డక్కలోళ్లు, చిందోళ్లు. డక్కలోళ్లు పటం ఏలాడగట్టి, కిన్నెర మీటి జాంబపురాణం చెప్తరు. 2022ల పద్మశ్రీ వచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య ఆ డక్కలి ఇంటి మనిషే. భూమి పుట్టక ముందు ఆరు నెలలకు పుట్టిన జాంబవంతుని సంది ఆ కథ మొదలైతది. అండ్ల కథ ఒక్క తోవల సక్కగ పోదు. పటంల ఒక బొమ్మ దగ్గర ఆగుతది, వాడల కూసున్న పెద్దమనిషిని పేరు పెట్టి పిలుస్తది, ఆయన తాతను పొగుడుతది, త్యాగం అడుగుతది, మళ్ల కథలకు వస్తది. ఒక్కడే నాయకుడుండడు. వంశం నాయకుడు. సంకలనాలు వేసేటోళ్లు ‘ఏకాగ్రత లోపించింది’ అని మా కథలను పక్కకు పెట్టినప్పుడు నాకు డక్కలాయన యాదికొస్తడు. చెకోవును చదివిన, మోపాసాను చదివిన, వాళ్ల పని గొప్పది. కని కథ కట్టే తీరు లోకంల ఒక్కటే ఉన్నదా? పుట్టుకనే ఎక్కువ తక్కువ చేసిన పురాణాలకు ఎదురుగ ఇంకో పుట్టుక కథ కట్టిన జాతికి నిర్మాణం రాదంటె, ఆ మాట అన్నోనికే కథ రాదు.

కథకునికి ఇంకో గండం ముగింపు. దళితుని కథ అంటే రెండే ముగింపులు అడుగుతరు. చావాలె, లేకుంటె తిరగబడాలె. మా వాడల శానా మంది చావలేదు, గొడ్డలీ పట్టలేదు. తెల్లారి లేచి కూలికి పోయిన్రు. పోతూ పోతూ పటేలును ఒక మాట అని నవ్విన్రు. పిల్లగాన్ని హాస్టలుకు పంపిన్రు. గోగు శ్యామల కథ ఒకటున్నది, బిడ్డను జోగిని చేస్తరని నాయిన ఆ పిల్లను రాత్రికి రాత్రి హాస్టలుకు తీసుకపోతడు. ఎంత యుద్ధం ఉన్నది అండ్ల! బాంబు లేదు, నినాదం లేదు. ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ అన్న ఆమె పుస్తకంల చెరువు, పొలం, చిన్నపిల్ల చూపు చదువుతుంటె ఆమె ఎవలకూ మొక్కుతలేదన్న సంగతి తెలుస్తది. తన వాళ్లతోనే మాట్లాడుతున్నది. వినాల్నంటే ఊరోడే దగ్గరికి జరగాలె. అమెరికాల టోనీ మోరిసన్ కూడ ఈ పనే చేసింది. పిల్లలను పెంచుకుంట, ప్రచురణ సంస్థల కొలువు చేసుకుంట, తెల్లారగట్ల లేచి రాసి 1970ల మొదటి నవల తెచ్చింది. తెల్లోళ్ల చూపును తలల నుంచి దించుకొని రాయాల్నన్నది ఆమె పట్టుదల. 1993ల నోబెల్ వచ్చినా ఆ పట్టు వదలలే.

తెల్లారగట్ల లేసుడంటే గుర్తొచ్చింది. నా రాత టైము నాలుగు నుంచి ఐదున్నర. మాది ఇద్దరు టీచర్ల బడి. పాఠం చెప్పుడు, గుడ్డు లెక్క, హాజరు యాప్, అన్నీ మేమే. ఎన్నికలొస్తే డ్యూటీ. 2024 నవంబరుల ఇంటింటి కుటుంబ సర్వే వస్తే పొద్దున బడి, పగటీలి నుంచి ఇంటింటికి తిరుగుడు. బండి మీద ఇల్లు చేరే వరకు చీకటి. ఇంటి ముందల ఎవలో ఒకలు కాయితం పట్టుకొని కూసుంటరు. రెండు గదుల కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు. టేబులు మీద పిల్లల పుస్తకాలు, నేను మంచం మీద ఒళ్లెకు పలక పెట్టుకొని రాస్త. ఇట్ల రాస్తే కథ ముక్కలు ముక్కలుగ వస్తది. నవల మొదలుపెట్టి నాలుగేండ్లు. ఓపిక మాకు తక్కువ కాదు. ఓపిక మొత్తం వేరే కాడ ఖర్చయితున్నది.

ఆడోళ్ల సంగతి ఇంక కష్టం. మొగోనికి నాలుగు గంటలకు లేస్తే గంటన్నర దొరుకుతది. మా ఇంటామె అదే నాలుగు గంటలకు లేస్తె పొయ్యి, నీళ్లు, బాసన్లు. 2003ల వచ్చిన ‘నల్లపొద్దు’, 2006ల వచ్చిన ‘నల్లరేగటిసాల్లు’ సంకలనాలు చదువుతుంటె ఆ ఆడోళ్లు ఏ పూట రాసిన్రో అని నాకు ఆశ్చర్యమైతది. జూపాక సుభద్ర ‘రాయక్క మాన్యం’ల మాదిగ ఆడోళ్ల పని, పట్టుదల ఉన్నది, నౌకరి చేసే దళిత ఆడమనిషికి ఆఫీసుల ఎదురయ్యే సన్నపు కులం ఉన్నది. వాడలోపలి మొగోని పెత్తనం మీద కూడ వీళ్లు నోరు తెరిచిన్రు. ‘ఇంటి ముచ్చట బయట పెడ్తే ఊరోళ్లు నవ్వరా?’ అనేటోళ్లు మనలనే ఉన్నరు. ఊరోడు నవ్వుతడని దాసుకుంట రాస్తే అది కూడ దరఖాస్తే. నడవడి సర్టిఫికెట్టు మళ్లొకసారి జతపరిచినట్టే.

ఇప్పుడు నా కాళ్ల కింది కథ చెప్తా. మా సిద్దిపేట జిల్లాల మల్లన్నసాగర్ కట్టిన్రు. యాభై టీఎంసీలు. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ అసుంటి ఊర్లు నీళ్లల్ల పోయినై. మా చిన్నవ్వ ఇల్లు కూడ అండ్లనే పోయింది. మనుషులు గజ్వేలు దిక్కు కాలనీలకు వచ్చిన్రు. నీళ్లు రావాలె, పొలాలు పారాలె, కాదనెటోన్ని కాదు. కని భూమి ఉన్నోనికి భూమి లెక్క ఉన్నది. భూమి లేనోడు ఏం పోగొట్టుకున్నట్టు? భూములు కొనే 123 జీవో మీద 2016 ఆగస్టుల హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టివేత తీర్పు ఇచ్చింది వ్యవసాయ కూలీలు వేసిన కేసులనే, తర్వాత సర్కారు అప్పీలుకు పోయింది. కూలోని నష్టాన్ని రాయడానికి ఫారంల గడి లేదు. ఆ గడి కథల ఉన్నది.

నేను కాలనీకి పోయినప్పుడు మా చిన్నాయిన డప్పు మొలకు ఏలాడుతున్నది. స్లాబు ఇల్లు, ముందల సిమెంటు రోడ్డు. ‘‘కాపుదామంటె గడ్డి లేదు బిడ్డా, గడ్డి తెచ్చినా మంట పెట్టనియ్యరు’’ అన్నడు. డప్పు కొట్టుడు మాకు బరువే, ఎట్టే. అది పోతే మంచిదే అని నేను మీటింగులల్ల చెప్పినోన్నే. కని అది మాకు మేము వదిలిపెట్టినట్టు పోలేదు, ఊరితోని కలిసి మునిగింది. ఈ రెండిటికి నడుమ ఉన్న తేడా వ్యాసంల చెప్తే ఒక్క వాక్యం. కథల చెప్తే ఒక మనిషి. ఆ మనిషి సంతోషపడాల్నా, ఏడ్వాల్నా తెలువక మొల దిక్కు చూసుకుంట కూసుంటడు. ఇసుంటి కథకు కోపం సాలదు. కని కోపం లేకుండ కూడ ఇది రాదు.

రాయాల్నంటే గండాలు రెండు. నేను సర్కారు నౌకరోన్ని. సర్కారు విధానాన్ని బహిరంగంగ విమర్శించొద్దని నౌకరి నియమాలల్ల ఉన్నది. నా జీతం మీద ఆరుగురు బతుకుతున్నరు. మారు పేరుతోని రాయి అని దోస్తులు చెప్పిన్రు. సుందర్రాజు తన కులం పేరు అట్ట మీద వేసుకుంటె నేను నా పేరు దాచుకోవాల్నా? కథ ఒక మనిషి బతుకు చెప్తది, అది విధానం మీద ప్రకటన కాదు అన్న ఎరుకతోని సొంత పేరు మీదనే రాస్తున్న. రెండో గండం మనోళ్లే. కథల పటేలును రాస్తే పటేలుకు తెలుస్తది, మా మేనమామ ఇంకా ఆయన చేన్లనే పని చేస్తడు. చిన్నాయిన్ను రాస్తే చిన్నాయినకు తెలుస్తది. పట్నంల ఉండి రాసేటోనికి పాత్ర పాత్రనే. నాకు పాత్ర అంటే రేపు పొద్దున ‘ఏం రా, నా గురించి రాసినవట’ అని అడిగే మనిషి. అందుకని ఊర్లు కలుపుతున్న, వయసులు మారుస్తున్న, ఇద్దరిని ఒకల్ని చేస్తున్న. కల్పన అంటే ఏందో నాకు ఏ పుస్తకంల దొరకలే, ఈ భయంల నేర్చుకున్న. నిజాన్ని దాచేందుకు కాదు, నిజం చెప్పినోన్ని కాపాడేందుకు కల్పన కావాలె.

ఇగ రాసినంక అచ్చు. కరోనా ఏండ్లల ‘విపుల’, ‘చతుర’ అసుంటి కథా పత్రికల అచ్చు ఆగింది. ఉన్న వారపత్రికలు తక్కువ. పుస్తకం వేయాల్నంటే మన పైసలే. ఐదు వందల కాపీలు కొట్టిస్తే ఇంట్ల మంచం కింద కట్టలు. డిసెంబరుల హైదరాబాదు బుక్ ఫెయిర్ల ఎవలదో స్టాలు మూలకు పది కాపీలు. మిగిలినయి ఆవిష్కరణ సభల దోస్తులకు ఫిరీ. సిద్దిపేట కవుల ఊరు. మంజీర రచయితల సంఘం సంది ఇక్కడ కవిత చదివితే వినెటోళ్లున్నరు, సప్పట్లున్నయి. కథ చదివి వినిపిద్దామంటె ‘జర కుదించి చెప్పు’ అంటరు. కొన్న పుస్తకం మీద నడిచే సాహిత్యం వేరు, పంచిన పుస్తకం మీద నడిచే సాహిత్యం వేరు. మా దగ్గర లెక్కలు రాసే నోటుబుక్కుకు ఎనభై రూపాలు పెడతరు గని కథల పుస్తకానికి నూటయాభై పెట్టరు. మన సంఘాలోళ్లు కూడ డైరీలు, క్యాలెండర్లు వేస్తరు. ఏడాదికి ఒక్క కథల పుస్తకం వేసే సంఘం ఎన్నున్నయి?

అందుకని నా మాట ముగ్గురికి. విమర్శకులారా, మా కథను కొలిచే ముందు మీ కొలబద్ద ఏడ చేసిందో చూసుకోండి. జాలి తగ్గిందని, భాష అర్థం కాలేదని, మలుపు రాలేదని మా కథను పక్కకు పెట్టకండి. ఎడిటర్లారా, కొటేషను గుర్తుల బయటికి మా భాషను రానియ్యండి. పాఠకుడు మీరనుకున్నంత తెలివి తక్కువోడు కాదు. మన సంఘాల అన్నలారా, అక్కలారా, సభలకు పెట్టే షామియానా ఖర్చుల సగం పెట్టి వాడకొక పఠన గది పెట్టున్రి. కరెంటు, టేబులు, కుర్చీ. కథ రాసే పిల్ల ఒక్కతె అండ్ల కూసుంటె సాలు. ఆ పిల్లకు పెండ్లి అని, పొయ్యి అని అడ్డం రాకున్రి.

రాసేటోళ్లకు మాత్రం ఒక్కటే. ‘అయ్యా’ అని మొదలుపెట్టొద్దు, ‘తమ విధేయుడు’ అని ముగించొద్దు. దరఖాస్తులు రాయాలె, తప్పదు, రేపు పొద్దుగాల కూడ నేను రాస్త. పింఛన్ రావాలె, పట్టా రావాలె. దానికి తాసీల్దారు ఉన్నడు. కథకు తాసీల్దారు లేడు. కథల సంతకం పెట్టి శాంక్షను ఇచ్చేటోడు ఎవడూ లేడు. మనం చెప్పుకుంటం, మనోళ్లు వింటరు, వినాల్నన్నోడు వచ్చి కూసుంటడు. కూసున్నోనికి చాట జరిపి జాగ ఇద్దాం.